డ్యూయల్ పోలరైజేషన్ వాతావరణ రాడార్: పరీక్షలు, విశాఖ తీరం

వానమేఘంలోకి రెండు రకాల రేడియో తరంగాలను పంపి, తిరిగొచ్చిన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వాతావరణ రాడార్‌ను డ్యూయల్ పోలరైజేషన్ రాడార్ అంటారు. ఒక తరంగం నేలకు సమాంతరంగా ఊగుతుంది, రెండోది నిలువుగా ఊగుతుంది. పాఠ్యపుస్తకాల తెలుగులో ఇది ద్విధ్రువణ రాడార్. దాంతో పనిచేసేవారి నోట మాత్రం 'డ్యూయల్ పోల్'. మామూలు రాడార్ మేఘంలోంచి ఎంత శక్తి తిరిగొచ్చిందో చెప్పి ఊరుకుంటుంది. ఆ శక్తిని వెనక్కి పంపింది తుంపరా, లావు చినుకా, వడగల్లా, కొంగల గుంపా అన్నది డ్యూయల్ పోల్ చాలావరకు పోల్చుకోగలదు.

తెలుగువాడికి ఈ తేడా కొత్తది కాదు. తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి అంటూ వానకు మనం పెట్టుకున్న పేర్లు చినుకు లావును బట్టీ, అది పడే తీరును బట్టీ వచ్చినవే. రోజువారీ పనిచేసే రాడార్లకు ఆ తేడా పట్టుబడడానికి మాత్రం, రాడార్‌తో వానను చూడడం మొదలుపెట్టాక అరవై ఏళ్లు పైనే పట్టింది. ఆలస్యానికి కారణం సిద్ధాంతం తెలియకపోవడం ఒక్కటే కాదు. సిద్ధాంతం 1976 నాటికే ఉంది. దాని కొలతలను నమ్మవచ్చా లేదా అని తేల్చే పరీక్షలకే మిగతా కాలం పట్టింది. అందుకే ఈ వ్యాసంలో యంత్రం సంగతి కొంతే ఉంటుంది, దాన్ని సరిచూసే పని ఎక్కువ ఉంటుంది. ఉదాహరణలకు విశాఖపట్నంలోని కైలాసగిరి రాడార్‌నూ, దానికి ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న దువ్వాడనూ తీసుకుందాం.

విశాఖకు రాడార్

తుపాన్లను కనిపెట్టే రాడార్ మన దేశంలో మొట్టమొదట విశాఖపట్నానికే వచ్చింది, 1970లో. నాలుగేళ్లకు, అంటే 1974లో, భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం కూడా ఇక్కడ ఏర్పడింది. ఆ తరం యంత్రాలు మేఘాలు ఎక్కడున్నాయో, తుపాను కన్ను ఎటు కదులుతోందో తెర మీద చూపించేవి. గాలి వేగం చెప్పడం వాటికి చేతకాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, తూర్పు తీరానికి రాడార్లు ఎందుకని అడిగేవారు లేకపోయారు.

గాలి వేగాన్ని కూడా కొలిచే డాప్లర్ రాడార్లు చెన్నైకి 2002లో, కోల్‌కతాకు 2003లో, మచిలీపట్నానికి 2004లో, విశాఖకు 2006లో వచ్చాయి. ఈ నాలుగూ జర్మనీకి చెందిన గెమాట్రానిక్ సంస్థ తయారుచేసిన ఎస్-బ్యాండ్ యంత్రాలు. వాటి తరంగం పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు. 2004లోనే ఇస్రో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి తయారుచేసిన స్వదేశీ డాప్లర్ రాడార్ శ్రీహరికోటలో పని మొదలుపెట్టింది. అలా తెలుగు తీరానికి మూడు కళ్లు వచ్చాయి.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ దొర్లుతుంటుంది. డాప్లర్, డ్యూయల్ పోల్ ఒకటే అనుకుంటారు. డాప్లర్ పరిజ్ఞానం చినుకు రాడార్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత వేగంతో అన్నది చెబుతుంది. డ్యూయల్ పోల్ చెప్పేది ఆ చినుకు ఆకారం. రెండూ ఒకే యంత్రంలో ఉండవచ్చు, ఒకటి లేకుండా ఇంకొకటి కూడా ఉండవచ్చు. 2006లో కైలాసగిరి ఎక్కింది డాప్లర్ ఉండి, ఒకే ధ్రువణంతో పనిచేసే రాడార్.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలులు వీచాయి. నగరంలో చెట్టన్నది నిలబడలేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. తుపాను తీరానికి వచ్చేదాకా దాన్ని వెన్నంటి చూసిన కైలాసగిరి రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది.

ఒక్క తరంగంతో వచ్చే చిక్కు

వాన చినుకు నుంచి వెనక్కి వచ్చే శక్తి దాని వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. దాన్లో ఉండే నీళ్లు మూడో ఘాతంలోనే పెరుగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడు మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరు చినుకులు 729 కలిసి పంపేంత శక్తిని వెనక్కి పంపుతుంది. నీళ్ల లెక్కలో మాత్రం అది 27 చిన్న చినుకులకే సమానం. అంటే రాడార్ తెర మీద ఒకే రంగులో కనిపించే రెండు మేఘాల్లో నీళ్లు 27 రెట్లు తేడాగా ఉండవచ్చు. ప్రకృతిలో ఇంత విపరీతం జరగదు, మేఘంలో అన్ని పరిమాణాల చినుకులూ కలిసే ఉంటాయి. అయినా రెండు మూడు రెట్ల తేడా మామూలే.

1948లో మార్షల్, పామర్ అనే ఇద్దరు కెనడాలో చినుకులను కొలిచి, ప్రతిధ్వని బలం నుంచి వాన తీవ్రతను లెక్కగట్టే సూత్రం ఒకటి ఇచ్చారు. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్నో, దాని తోబుట్టువులనో వాడుతోంది. కెనడా చినుకుల మీద తయారైన సూత్రం అనకాపల్లి వానకు సరిపోవాలని ఎక్కడా లేదు. ఎవరికీ ఈ సంగతి తెలియక కాదు, ఒక్క కొలతతో అంతకుమించి చేయగలిగింది లేక దాన్నే పట్టుకు వేలాడారు.

చినుకు ఆకారం

పిల్లల పుస్తకాల్లో వాన చినుకును పైన కొస దేరిన కన్నీటిబొట్టులా గీస్తారు. నిజం చినుకు అలా ఉండదు. ఒక మిల్లీమీటరు లోపు చినుకు దాదాపు గుండ్రంగా ఉంటుంది. అంతకన్నా పెద్దదైతే, పడేటప్పుడు కింది నుంచి గాలి నొక్కడం వల్ల అడుగు చదునై, పక్కలకు సాగి, పైభాగం మాత్రం ఉబ్బెత్తుగా ఉండిపోతుంది. చేతికందే పోలిక ఇడ్లీ. నాలుగు మిల్లీమీటర్ల చినుకు ఎత్తు దాని వెడల్పులో ఐదింట నాలుగు వంతులకన్నా కొంచెం తక్కువ. ఎనిమిది మిల్లీమీటర్లకు చేరేసరికి చినుకు నిలవలేక చిట్లిపోతుంది. 1970 ప్రాంతంలో ప్రుపాకర్, బియర్డ్ అనే పరిశోధకులు గాలి సొరంగంలో చినుకులను తేలించి ఈ ఆకారాలు కొలిచారు.

ఇడ్లీలాంటి చినుకు మీద అడ్డంగా ఊగే తరంగం పడితే ఎక్కువ శక్తి తిరిగొస్తుంది, నిలువుగా ఊగేది పడితే తక్కువ. ఈ రెంటి నిష్పత్తిని చూస్తే చినుకు ఎంత చదునైందో, అందువల్ల ఎంత లావైందో తెలిసిపోతుంది. 1976లో సెలిగా, బృంగి ప్రకటించిన పరిశోధన పత్రం సారం ఇదే. వి.ఎన్. బృంగి భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త. ఆ తర్వాత కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో వి. చంద్రశేఖర్‌తో కలిసి ఈ విద్యకు ప్రామాణిక గ్రంథం రాశారు, అది 2001లో వచ్చింది. ఈ రంగంలో మనవాళ్ల చేయి పెద్దదే. తరంగాల దశలో వచ్చే తేడా నుంచి వానను కొలవవచ్చని 1986లో చూపిన ఇద్దరిలో ఒకరు ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఎం. సచ్చిదానంద, ఇంకొకరు అమెరికాలోని జాతీయ తీవ్ర తుపానుల ప్రయోగశాలకు చెందిన డుషాన్ జర్నిచ్.

కొత్త కొలతలు

అడ్డ, నిలువు ప్రతిధ్వనుల నిష్పత్తికి పేరు జెడ్‌డీఆర్. దీన్ని డెసిబెల్‌లలో చెబుతారు. తుంపరకు ఇది సున్నాకు దగ్గరగా ఉంటుంది, లావు చినుకుల వానకు రెండు మూడు దాకా పోతుంది. వడగళ్లు పల్టీలు కొడుతూ పడతాయి కాబట్టి రాడార్‌కు అన్ని వైపుల నుంచీ గుండ్రంగానే కనబడతాయి. ప్రతిధ్వని చాలా బలంగా ఉండి, జెడ్‌డీఆర్ మాత్రం సున్నా దగ్గరే ఉంటే అవి వడగళ్లే అనుకోవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మామిడి తోటల మీద ఏం పడబోతోందో ముందే పసిగట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తు రాడార్‌కు లేదు.

రెండో కొలత సహసంబంధ గుణకం. రెండు ప్రతిధ్వనులూ ఒకదాన్నొకటి ఎంత నమ్మకంగా అనుసరిస్తున్నాయో ఇది చెబుతుంది. అచ్చమైన వానలో ఇది 0.98 దాటుతుంది. మంచు కరిగి నీరయ్యే పొరలో 0.9 చుట్టుపక్కలకు దిగుతుంది. పక్షులు, పురుగులు, సముద్రపు అలలు, కొండరాళ్లు అయితే 0.8 కన్నా కిందకు పడిపోతుంది. మచిలీపట్నం రాడార్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో కొల్లేరు ఉంది. పొద్దున్నే గూళ్లు వదిలి లేచే పెలికన్ల గుంపును, చిన్న జల్లును పాత రాడార్ ఒకే కళ్లతో చూస్తుంది. ఈ గుణకం ఉంటే గుంపును వానలోంచి తీసేయవచ్చు. విశాఖ సంగతి ఇంకోలా ఉంటుంది. బయటి రేవులో లంగరేసిన ఓడలూ, అలల ప్రతిధ్వనులూ ఇక్కడి బెడద.

మూడోది కేడీపీ, అంటే దశ భేదం. చదునైన చినుకుల్లోంచి పోయేటప్పుడు అడ్డంగా ఊగే తరంగం నిలువు తరంగం కన్నా కాస్త వెనకబడుతుంది. కిలోమీటరుకు ఎన్ని డిగ్రీలు వెనకబడిందో కొలిస్తే దారిలో ఎంత వాన ఉందో తెలుస్తుంది. అమెరికాలోని ఓక్లహామాలో తయారుచేసుకున్న సూత్రం ప్రకారం కిలోమీటరుకు ఒక డిగ్రీ అంటే గంటకు 44 మిల్లీమీటర్ల వాన, రెండు డిగ్రీలైతే దాదాపు 78 మిల్లీమీటర్లు. దీని గొప్పతనం ఏమిటంటే, ఇది శక్తిని కొలవదు, ఆలస్యాన్ని కొలుస్తుంది. దారిలో కొండ సగం కిరణాన్ని మింగేసినా, యంత్రం బలం తగ్గినా, మిగిలిన సగంలో ఆలస్యం ఆలస్యంగానే ఉంటుంది. పడమటి వైపు తూర్పు కనుమలు గోడ కట్టినట్టున్న విశాఖకు ఈ గుణం బంగారం లాంటిది. లోపమూ ఉంది. చిన్న వానల్లో, 10 సెంటీమీటర్ల తరంగంతో, ఈ ఆలస్యం మరీ స్వల్పం కావడంతో కొలత గందరగోళంలో కలిసిపోతుంది. ముసురుకు కేడీపీ పనికిరాదు, కుంభవృష్టికే దాని సాక్ష్యం.

ఓక్లహామా పరీక్ష

ఈ కొలతలన్నీ ప్రయోగశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా నలిగాయి. ఇంగ్లండులోని చిల్‌బోల్టన్‌లో 25 మీటర్ల పెద్ద గిన్నెతో 1980ల తొలినాళ్లలోనే జెడ్‌డీఆర్ కొలిచారు. ఓక్లహామాలో సిమరాన్ అనే పరిశోధన రాడార్‌ను 1983లో రెండు ధ్రువణాలకు మార్చారు. అప్పట్లో ఒకసారి అడ్డంగా, మరోసారి నిలువుగా మార్చి మార్చి తరంగాలు పంపేవారు. అందుకు వాడే స్విచ్ ఖరీదైనది, పైగా పాడైపోయే రకం. రోజంతా, ఏడాదంతా తిరగాల్సిన రాడార్‌కు అది పనికిరాదని తేలింది. చివరికి రెండింటినీ ఒకేసారి పంపే పద్ధతికి వచ్చారు. పంపే శక్తి రెండుగా పంచుకుపోతుంది కాబట్టి ఒక్కో దారిలో మూడు డెసిబెల్‌లు నష్టం. దూరాన ఉన్న సన్నని మేఘం కనబడకపోవచ్చు. ఆ నష్టానికి ఒప్పుకున్నారు.

2002 మార్చిలో ఓక్లహామా రాష్ట్రం నార్మన్ పట్టణంలోని ఒక వాతావరణ రాడార్‌ను ఇలా మార్చి, ఆ ఏడూ మరుసటేడూ వచ్చిన వానలన్నింటి మీదా పరీక్షించారు. ఆ పరీక్షకు జేపోల్ అని పేరు. దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవడానికి నా దృష్టిలో రెండు కారణాలున్నాయి. మొదటిది, వాన లెక్కను నేల మీది వానమాపకాలతో సరిచూశారు. ఆ రాడార్ పరిధిలోని ఒక పరీవాహక ప్రాంతంలో 42 వానమాపకాలు ఒత్తుగా నాటి ఉన్నాయి. డ్యూయల్ పోల్ కొలతలన్నీ కలిపి వాడితే గంట వాన లెక్కలో తప్పు ఒక్కో చోట 1.7 రెట్లు, మొత్తం ప్రాంతం మీద 3.7 రెట్లు తగ్గిందని తేలింది. రెండోది, కొత్త బొమ్మలను అప్పటికప్పుడు ఊళ్లోని వాతావరణ సూచనలు చెప్పేవారి బల్ల మీద పెట్టారు. పరిశోధకుడికి గొప్పగా కనిపించిన బొమ్మ అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాడికి పనికొస్తుందా అన్నది వాళ్లే తేల్చాలి.

ఇంత చేశాక కూడా అమెరికా అంతటా పెట్టడం మొదలవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 2011లో కొన్ని చోట్ల ముందుగా బిగించి చూసి, 2013 నాటికి దాదాపు 160 రాడార్లను మార్చేశారు.

కొలబద్దకు కొలబద్ద

పరీక్షల్లో కెల్లా కష్టమైనది జెడ్‌డీఆర్‌ను సరిచూడడం. రెండు ప్రతిధ్వనుల మధ్య తేడా ఒకటి రెండు డెసిబెల్‌లు మాత్రమే. అందులో 0.2 డెసిబెల్ పొరపాటు జరిగితే, అంటే ఒక దారిలో శక్తి రెండో దారి కన్నా ఐదు శాతం తేడాగా కొలిస్తే, వాన లెక్కలో 17 శాతం దాకా తప్పు దొర్లుతుంది. ఐదు శాతం తేడా తీసుకురావడం యంత్రానికి చిటికెలో పని. ఒక కేబుల్ కనెక్టర్ వదులైనా చాలు, యాంటెనా మీది గుమ్మటం తడిసినా చాలు, గదిలో ఏసీ ఆగి రిసీవర్ వేడెక్కినా చాలు. కాబట్టి జవాబు ముందే తెలిసిన వస్తువును చూపించి, యంత్రం ఏం చెబుతుందో చూడాలి.

అలాంటి వస్తువు నెత్తి మీదే ఉంది. సన్నని వాన పడుతున్నప్పుడు యాంటెనాను నిట్టనిలువుగా ఆకాశం వైపు ఎత్తి, గుండ్రంగా తిప్పుతారు. ఇడ్లీని కూడా అడుగు నుంచి చూస్తే గుండ్రమే. కింద నుంచి చూసినప్పుడు చినుకులకు అడ్డం నిలువు తేడా ఉండదు గనుక జెడ్‌డీఆర్ సున్నా రావాలి. 0.3 వచ్చిందంటే ఆ 0.3 యంత్రం తప్పు, దాన్ని తీసేయాలి. ఇంత తేలికైన పరీక్ష మరొకటి లేదు. కానీ అమెరికా రాడార్ల యాంటెనా 60 డిగ్రీల పైకి లేవదు. దాంతో వాళ్లు తుంపరలను, పొడి మంచును, మేఘంలేని గాలిలోని సుడులను పట్టుకుని చుట్టు దారిలో పోవాల్సి వచ్చింది. కొత్త రాడార్ కొనేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న అది నిలువుగా లేస్తుందా లేదా అన్నదే. కొనుగోలు కాగితాల్లో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పొడి మంచు మాట వచ్చింది గనుక: విశాఖ వాసులకు మంచు అంటే లంబసింగి, అక్కడ కనిపించేదీ ఎక్కువగా పొగమంచే. కానీ రుతుపవనాల కాలంలో నగరానికి దాదాపు ఐదు కిలోమీటర్ల ఎత్తున, వానమేఘం ఉన్నప్పుడల్లా, మంచు నిజంగానే కురుస్తుంది. ఆ ఎత్తు దాటి కిందకు దిగేసరికి కరిగి చినుకవుతుంది. కరిగే పొరకు పైన ఉన్న పొడి మంచుకు జెడ్‌డీఆర్ ఎంత ఉండాలో ఉజ్జాయింపుగా తెలుసు కాబట్టి, అదీ ఒక సాక్షి.

సూర్యుడు ఇంకో సాక్షి. సూర్యుడు కాంతితో పాటు రేడియో తరంగాలు కూడా పంపుతాడు. వాటికి అడ్డం నిలువు పక్షపాతం ఉండదు, రెండూ సమానం. పొద్దు పొడిచేటప్పుడో కుంకేటప్పుడో యాంటెనా అటు తిరిగితే రెండు రిసీవర్లూ ఒకే లెక్క చూపాలి. కైలాసగిరికి సూర్యోదయం సముద్రం మీంచే కనబడుతుంది, మధ్యలో ఏ కొండా అడ్డు లేదు. పర్యాటకులు దాన్ని చూడ్డానికే పొద్దున్నే కొండెక్కుతారు. ఈ పరీక్ష రిసీవర్‌ను మాత్రమే చూస్తుంది, తరంగాన్ని పంపే వైపు తప్పు ఉంటే సూర్యుడు చెప్పలేడు. పరిశోధన రాడార్లలో బెలూన్‌కు లోహపు గోళం కట్టి ఎగరేసి చూడడమూ ఉంది. గోళం ఎటు నుంచి చూసినా గోళమే.

ఇవి కాక ఒకదానితో ఒకటి సరిచూసుకునే ఉపాయం ఉంది. అచ్చమైన వానలో ప్రతిధ్వని బలం, జెడ్‌డీఆర్, కేడీపీ మూడూ ఇష్టమొచ్చినట్టు ఉండవు. రెండు తెలిస్తే మూడోది ఎంత ఉండాలో లెక్కగట్టవచ్చు. ఆ లెక్క కుదరకపోతే యంత్రంలో ఎక్కడో తేడా ఉన్నట్టు. ముగ్గురు అన్నదమ్ముల్లో ఎవరు అబద్ధమాడుతున్నారో మిగతా ఇద్దరి మాటల్ని బట్టి పట్టుకోవడం లాంటిది ఇది.

గాదంకి చినుకులు

ఓక్లహామా సూత్రాలు మనకు సరిపోతాయా అన్న ప్రశ్నకు తెలుగు నేల మీదే కొంత జవాబుంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఎగువ వాతావరణాన్ని చూసే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో పేరు తెచ్చుకున్న చోటు ఇది. అక్కడ డిస్‌డ్రోమీటర్ అనే పరికరంతో ఏళ్ల తరబడి చినుకులను కొలిచారు. అరచేతిలో పట్టేంత పలక మీద చినుకు తగిలినప్పుడు ఎంత గట్టిగా కొట్టిందో చూసి దాని లావును చెబుతుంది ఈ పరికరం.

తేలిందేమిటంటే, నైరుతి రుతుపవనాల వానలో లావు చినుకులు ఎక్కువ, ఈశాన్య రుతుపవనాల వానలో తక్కువ. తుపాను వాన చినుకులు మామూలు వాన కన్నా చిన్నవి. చినుకు లావు ఆరో ఘాతంలో ప్రతిధ్వనిని మారుస్తుందని పైన చెప్పుకున్నాం. కాబట్టి ఒకే సూత్రంతో ఏడాది పొడవునా లెక్కగడితే జూలైలో ఉరుముల వాన ఎక్కువగా, అక్టోబరు తుపాను వాన తక్కువగా కనబడే ప్రమాదం ఉంది. మనకు భయమున్నది రెండో దానితోనే. చిన్న చినుకుల కుంభవృష్టిని ఒక్క ధ్రువణం తక్కువ అంచనా వేస్తుంది, జెడ్‌డీఆర్ ఆ గుట్టు విప్పుతుంది. డ్యూయల్ పోల్ మన తీరానికి ఎందుకు అని అడిగితే నేను ముందుగా చెప్పే కారణం ఇదే, వడగళ్లు ఆ తర్వాత.

దువ్వాడ మీదుగా

విశాఖపట్నం జిల్లాలో దువ్వాడ పేరు చెబితే రైల్వే జంక్షన్, ప్రత్యేక ఆర్థిక మండలి, పక్కనే ఉక్కునగరం గుర్తొస్తాయి. హౌరా–చెన్నై మార్గంలో కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్లోకి పోకుండా దువ్వాడ మీదుగా సాగిపోతాయి. రాడార్ కిరణానికి మాత్రం అలాంటి బైపాస్ లేదు, కైలాసగిరి నుంచి నగరాన్నీ, గాజువాకనూ దాటుకునే ఇక్కడికి రావాలి. అర డిగ్రీ ఎత్తులో పంపిన కిరణం దువ్వాడ చేరేసరికి రాడార్ మట్టం కన్నా 200 మీటర్ల పైన, సముద్ర మట్టం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. చినుకు అక్కడి నుంచి నేలకు దిగడానికి ముప్పావు నిమిషం చాలు.

పరీక్షకు ఇలాంటి చోటు దొరకడం అదృష్టం. పోల్చి చూడండి. తుని దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడ కిరణం ఎత్తు కిలోమీటరున్నర, వెడల్పు ఒకటీ ముప్పావు కిలోమీటర్లు. చినుకు దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఈలోగా గాలి దాన్ని రెండు కిలోమీటర్లు పక్కకు నెట్టేయగలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన పలాస ఇంకా దూరం, 160 కిలోమీటర్లు. అక్కడ కిరణం దాదాపు మూడు కిలోమీటర్ల పైన పోతుంది. అక్కడి ఉద్దానం కొబ్బరి తోటల మీద ఏం జరుగుతోందో రాడార్ ఊహించాల్సిందే. 225 కిలోమీటర్ల దగ్గర కిరణం కరిగే పొరను తాకుతుంది, ఆపైన కనిపించేది వాన కాదు, మంచు. ఏ ధ్రువణం పెట్టినా భూమి గుండ్రంగా ఉండడాన్ని మార్చలేం.

దువ్వాడకు చిక్కు ఇంకోటి. కిరణం కిందగా ఉండడం వల్ల భవనాలు, క్రేన్లు, పొడవాటి చిమ్నీలు వెనక్కి పంపే ప్రతిధ్వని వానతో కలుస్తుంది. కదలని వస్తువులను డాప్లర్ వడపోత తీసేస్తుంది గానీ, ఆ వడపోత పక్కకు జరగకుండా నిలబడి కురిసే వానను కూడా కొంత తినేస్తుంది. సహసంబంధ గుణకం తోడుంటే ఏది చిమ్నీ, ఏది చినుకు అన్నది తేల్చి, అవసరమైన చోటే వడపోత వాడవచ్చు. దగ్గరి వాన, పక్కా అడ్డంకులు, రెండూ ఒకేచోట ఉన్న ప్రాంతం కాబట్టి ఇక్కడ నెగ్గిన లెక్క మిగతా జిల్లాలో తేలిగ్గా నెగ్గుతుంది.

కింద సాక్ష్యం కోసం వానమాపకాలు కావాలి. రాష్ట్ర ప్రణాళికా సంఘం మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. అయితే వానమాపకాన్ని కళ్లు మూసుకుని నమ్మడానికి వీల్లేదు. వాతావరణ శాఖ మామూలు వానమాపకం మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, జానెడు కూడా లేని గరాటు. దువ్వాడ మీద రాడార్ ఒక్క గడిలో చూసే నేల అందాజుగా 350 మీటర్ల వెడల్పు, 250 మీటర్ల పొడవు. అంటే గరాటు కన్నా 40 లక్షల రెట్లు పెద్దది. గాజువాకలో జోరుగా కురిసి కూర్మన్నపాలెంలో రోడ్డు తడవని రోజులు స్థానికులకు కొత్త కాదు. ఆపైన తుపాను గాలికి వాన ఏటవాలుగా పడి గరాటులోకి దిగదు, ఎండుటాకు అడ్డుపడితే అసలే దిగదు. అందుకే ఒక్క మాపకంతో సరిపెట్టకుండా ఒత్తుగా పదులకొద్దీ నాటాలి. ఓక్లహామాలో 42 మాపకాలు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మాపకాల పక్కన ఒకటో రెండో డిస్‌డ్రోమీటర్లు కూడా ఉంటే చినుకు లావు సంగతి వాదన లేకుండా తేలుతుంది.

దేశంలో

భారత వాతావరణ శాఖ డ్యూయల్ పోల్ రుచి ముందుగా ఢిల్లీ, జైపూర్‌లలో, ఎస్-బ్యాండ్ కన్నా పొట్టి తరంగం వాడే సి-బ్యాండ్ రాడార్లతో చూసింది. ఇస్రో తయారుచేసిన ఎస్-బ్యాండ్ డ్యూయల్ పోల్ రాడార్ 2016 మేలో మేఘాలయలోని సోహ్రాలో, అంటే చిరపుంజిలో మొదలైంది. వానను కొలిచే యంత్రాన్ని పరీక్షించడానికి భూమ్మీద అంతకన్నా తగిన ఊరు దొరకదు. ఆ తర్వాత కొచ్చికీ అలాంటిది వెళ్లింది. 2021 జనవరిలో హిమాలయాల్లోని ముక్తేశ్వర్, కుఫ్రీలలో ఎక్స్-బ్యాండ్ యంత్రాలు ప్రారంభమయ్యాయి. ఎక్స్-బ్యాండ్ తరంగం మూడు సెంటీమీటర్లు. అది భారీ వానలో త్వరగా అలసిపోతుంది, దూరం పోలేదు. అయితే కేడీపీ దానికి మూడింతలు స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి చిన్న వానను కూడా పట్టగలదు. కొండ లోయలకు, నగరాలకు అది, తుపాను తీరానికి ఎస్-బ్యాండ్ అన్నది ఇప్పటి ఆనవాయితీ.

ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో డాప్లర్ రాడార్లు 2013లో 15 ఉంటే 2023కి 37 అయ్యాయి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్ అనే వాతావరణ పథకాన్ని ఆమోదించింది. రాడార్లను ఇంకా ఒత్తుగా నాటడం అందులో ఒక భాగం. సంఖ్య పెరగడం మంచిదే. ప్రారంభోత్సవాల వార్తల్లో రాడార్ పరిధి ఎన్ని కిలోమీటర్లన్నది తప్పకుండా రాస్తారు, జెడ్‌డీఆర్‌ను దేనితో, ఎన్నాళ్లకోసారి సరిచూస్తారన్నది ఎవరూ అడగరు. అడిగితే బాగుండును.

తుపాను తర్వాత

సముద్రపు ఒడ్డున రాడార్‌ను కాపాడేది యాంటెనా మీది తెల్లని గుమ్మటం. అది పలకలుగా చేసి అతికించిన గోళం. ఆ అతుకులు అడ్డ తరంగాన్ని ఒకలా, నిలువు తరంగాన్ని ఇంకోలా ఆపుతాయి. ఒకే ధ్రువణం ఉన్నప్పుడు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. డ్యూయల్ పోల్ వచ్చాక పలకల ఆకారాలను కూడా క్రమం తప్పించి, అతుకులన్నీ ఒకే దిక్కున లేకుండా కడుతున్నారు. హుద్‌హుద్ లాంటి గాలికి గుమ్మటం దెబ్బతిని పలకలు మార్చాల్సి వస్తే, రాడార్ బొమ్మ తెర మీదికి తిరిగొచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కొత్త పలకలతో జెడ్‌డీఆర్ తప్పు ఎంత మారిందో మళ్లీ మొదట్నుంచీ చూడాలి. రేవులో ప్రమాద సూచికలు దించేశాక, గాలి తెరిపి ఇచ్చి ముసురు పట్టిన పూట అందుకు సరైన సమయం. యాంటెనాను నిట్టనిలువుగా ఎత్తి, చినుకులను కింద నుంచి చూస్తూ, సున్నా వస్తుందేమోనని ఓ పావుగంట తిప్పాలి.